మామ చేతులకు తెలిసిన కారు

మా మామ పోయాడన్న కబురు మందమర్రికి పొద్దున వచ్చింది. మా ఆయన ఆ వేళ మొదటి షిఫ్టులో గని లోపల ఉన్నాడు. పోస్టు జవాను టెలిగ్రాం నా చేతిలో పెట్టి, ముఖం చూడకుండా సైకిలెక్కి వెళ్లిపోయాడు. నేను గని దగ్గరికి పోయి లోపలికి మనిషిని పంపించాను. మా ఆయన బొగ్గు ముఖంతోనే పైకి వచ్చాడు. నన్ను చూడగానే "బాపునా?" అన్నాడు. తల ఊపాను.

జమ్మికుంట దాకా రైల్లో మేమిద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. మామ గురించి మా మధ్య మాట ఆగిపోయి అప్పటికి నాలుగేండ్లు. అదెందుకు ఆగిపోయిందో చెబితేనే ఆయన ఎలాంటి మనిషో మీకు తెలుస్తుంది. అందులో నా తప్పు కూడా ఉంది కాబట్టి దాచకుండా చెబుతాను.

మా మామ హుజూరాబాద్‌లో ఒక డాక్టరుకు డ్రైవరుగా పనిచేశాడు. నిజాం రాజ్యం పోయిన కొన్నాళ్లకు ఆ డాక్టరు కుటుంబంతో సహా ఊరు విడిచి వెళ్తూ, అప్పటికే బాగా నలిగిపోయిన తన విలాయతి కారును మామకు ఇచ్చేశాడు. ఆ తర్వాత మామ రైసుమిల్లులో ఇంజను చూసుకునే పనికి కుదిరాడు. కారు మాత్రం ఇంటి పక్కన రేకుల కొట్టంలో ఉండేది. ఊళ్లో ఎవరికి ప్రాణం మీదికి వచ్చినా ఆ కొట్టం ముందుకే పరుగెత్తుకొచ్చేవారు. మామ "ఎవరు, ఏ కులం, ఏ వాడ" అని అడగడం నేనెన్నడూ వినలేదు. "ఎంతసేపాయె?" అని మాత్రం అడిగేవాడు.

నేను కాపురానికి వచ్చేసరికి అత్త లేదు. మా ఆయనకు మందమర్రిలో ఉద్యోగమైనా క్వార్టరు దొరకలేదు. అందుకని నేను మామ దగ్గరే ఉండిపోయాను. ఆ ఇంట్లో వంటింటి కంటే కొట్టమే పెద్దది. మొదట్లో నాకు కోపం వచ్చేది. మామ పొద్దున లేచి ముఖం కడుక్కోకముందే కారు కింద నేలను తడిమి చూసేవాడు. రాత్రి నూనె ఏమన్నా కారిందా అని. కారితే ఆ రోజు చాయ్ కూడా ఆలస్యం. ఊడదీసిన నట్లనూ బోల్టులనూ అత్త పెండ్లినాటి ఇత్తడి తాంబాళంలో తీసిన వరుసలోనే పేర్చేవాడు. ఒకసారి ఊడుస్తూ ఆ తాంబాళాన్ని జరిపాను. ఆయన కోప్పడలేదు. "బిడ్డా, అవి మాట్లాడుకుంటున్నయి, నడుమ దూరకు" అన్నాడు. నవ్వొచ్చింది. ఆ రోజు నుంచి కొట్టం గడప మీద కూర్చోవడం మొదలుపెట్టాను.

ఆ కారుకు కొత్త సామాను ఎక్కడా దొరికేది కాదు. పాత అట్టను కోసి, నూనెలో నానబెట్టి, ఇంజను అతుకుల మధ్య పెట్టే గాస్కెట్టు చేసేవాడు. చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర తోలుముక్క అడిగి తెచ్చి వాషరు కోసేవాడు. స్క్రూడ్రైవరు మొనను ఇంజనుకు ఆనించి, చెక్క పిడిని చెవికి పెట్టుకుని కండ్లు మూసుకునేవాడు. డాక్టరు దగ్గర పనిచేసి అదే నేర్చుకున్నానని నవ్వేవాడు. "బండి అబద్ధమాడది. మనమే సరిగ్గ వినం" అనేవాడు.

ఒక మధ్యాహ్నం ఆయన ప్లగ్గులు గీకి తుడిచి మళ్లీ బిగిస్తున్నాడు. ప్లగ్గును రంధ్రం పక్కన పెట్టాడు. మళ్లీ పెట్టాడు, మళ్లీ పక్కకే. మూడోసారి ఎడమచేతి వేలితో రంధ్రం వెతుక్కుని, ఆ వేలి వెంట ప్లగ్గు దించాడు. నేను బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టాను. ఆయన తల తిప్పలేదు.

"చూసినవా?" అన్నాడు.

"చూసిన మామా. కనబడ్తలేదా?"

"నడుమ కనబడ్తది. పక్కలకు పొగ కమ్మినట్టు ఉంటది." ఇంకో ప్లగ్గు చేతిలోకి తీసుకున్నాడు. "వానికి చెప్పకు బిడ్డా. ఉత్తగ పరేషాన్ అయితడు. నౌకరి ఇడిసిపెట్టి వచ్చి కూసుంటడు."

"దవాఖానకు పోదాం మరి."

"పోదాం తియ్. వానలు పోనీ."

వానలు పోయాయి. చలికాలం వచ్చింది. మేం పోలేదు. నేను చేట వదిలేసి ఆయన పక్కన కూర్చున్నాను. ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే పాయింట్ల నడుమ సన్నని రేకు ఎంత బిగుతుగా కదలాలో నా వేలు పట్టి నేర్పించాడు. కారు ముందు నుంచి ఇంజను స్టార్టు చేసే హ్యాండిల్ తిప్పేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉండాలని, చుట్టూ తిప్పి పట్టుకుంటే ఇంజను ఎదురు తన్నినప్పుడు ఎముక విరుగుతుందని చెప్పాడు. ఆయన చెప్పేవాడు, నేను చూసేదాన్ని. నిజం చెప్పాలంటే ఆ రెండేండ్లు నా బతుకులో మంచి రోజులు. అప్పటిదాకా నన్ను ఎవరూ పనికొచ్చే మనిషిగా చూడలేదు. దవాఖాన మాట మళ్లీ గట్టిగా ఎత్తకపోవడానికి మా ఆయనకు చెప్పకపోవడానికి, మామ వద్దన్న మాట ఒక్కటే కారణం కాదేమోనని ఇప్పుడు అనిపిస్తుంది.

ఎండాకాలం ఒక పొద్దున వెనక గల్లీ నుంచి ఒక ముసలామె ఏడ్చుకుంటూ వచ్చింది. కోడలికి నిన్నటి నుంచి నొప్పులు, కాన్పు అవుతలేదు, మంత్రసాని చేతులెత్తేసింది. కరీంనగర్ బస్సు సాయంత్రానికి గాని లేదు. మామ నా వైపు చూశాడు. ఆయనకు నా ముఖం ఎంత కనబడిందో నాకు తెలియదు.

"ముందు సీట్ల కూసో. తొవ్వ చెప్పుకుంట రా" అన్నాడు.

చెప్పాను. "మామా, ఎడ్లబండి. కుడి దిక్కు." "ఎంత దూరం?" "రెండు కార్లు పట్టేంత." "మామా, మేకలు." "హారన్ కొడుతున్న." వెనక సీట్లో ఆ పిల్ల అరిచినప్పుడల్లా మామ మెడ నరాలు ఉబ్బేవి. సగం దారి దాటాక రేడియేటరు నుంచి ఆవిరి లేచింది. సన్నటి చిల్లు. బండి ఆపి, చల్లారేదాకా చూసి, కారులో ఎప్పుడూ ఉంచే బిందెతో కుంటలోంచి నీళ్లు తెచ్చాం.

"నీళ్లు నిలవాలంటే పసుపు గావాలె. పసుపున్నదా ఎవరిదగ్గరన్న?" అన్నాడు మామ.

ముసలామె కొంగు ముడి విప్పింది. అమ్మవారికి మొక్కుకుని కట్టుకున్న పసుపు. "గిది పొయ్యొచ్చునా అయ్యా?" అని అడిగింది.

"పొయ్యి అవ్వా. అమ్మవారు ఏమనుకోదు."

పసుపు నీళ్లలో కలిసి చిల్లు దగ్గర గడ్డకట్టింది. మానేరు వాగు దాటి కరీంనగర్ దవాఖాన చేరాం. కొంచెంసేపటికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా ఇద్దరూ బతికారు. ముసలామె మామ కాళ్ల మీద పడబోతే ఆయన వెనక్కి జరిగి గోడకు తగిలాడు. వెనక గోడ ఉందని ఆయనకు తెలియదు.

తిరిగి వస్తూ మానేరు దాటాక మామ కారును పక్కకు తీసి ఆపాడు.

"ఇందాక నువ్వు గట్టిగ ఊపిరి పీల్చినవ్. ఏమైంది?"

"పిల్లగాడు రోడ్డు దాటిండు మామా. నేను చెప్పేలోపే దాటిపోయిండు."

"నాకు కనబడలే" అన్నాడు. తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు. "ఇగ నేను నడప. ఎవ్వరొచ్చినా నడప."

అటు వచ్చిన ఒక లారీ డ్రైవరు ఆయన్ను గుర్తుపట్టి, లారీని తన జోడీదారుకు అప్పగించి, మా కారును ఇంటిదాకా తెచ్చాడు. దారిపొడుగునా మామ వెనక సీట్లో పేషెంటులా కూర్చున్నాడు. ఆయన్ను అలా చూడడం నాకు అదే మొదటిసారి.

మామ కారును వేరేవాళ్లు తోలుకొచ్చారన్న మాట మందమర్రికి చేరడానికి వారం కూడా పట్టలేదు. మా ఆయన సెలవు పెట్టి వచ్చి తండ్రిని హైదరాబాదు కంటి దవాఖానకు తీసుకుపోయాడు. నేనూ వెళ్లాను. డాక్టరు చాలాసేపు చూసి, కంటి లోపల నరం ఎండిపోయిందని, మొదట్లోనే తెచ్చి ఉంటే చుక్కల మందుతో ఉన్న చూపునైనా నిలబెట్టగలిగేవాళ్లమని చెప్పాడు.

బయట బెంచీ మీద మా ఆయన నన్ను అడిగాడు. "నీకెప్పుడు తెలిసింది?"

"రెండేండ్లాయె."

ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. మామ చెయ్యి చాపి గాలిలో కొడుకు భుజం కోసం వెతికాడు. "దాన్నేమనకురా. చెప్పొద్దన్నది నేను."

"నువ్వు చెప్పొద్దనే అంటవు బాపూ. నీ సంగతి నాకెరుకే. ఆమె చెప్పాలె గద."

ఆ మాట నిజం.

ఆ ఏడే క్వార్టరు దొరికింది, నేను మందమర్రి వచ్చేశాను. మామను రమ్మంటే రాలేదు. ఆయన చెల్లెలు, మా చిన్నత్త, మొగుడు పోయిన మనిషి, వచ్చి తోడుగా ఉంది. ఏడాది తిరగకముందే చూపు పూర్తిగా పోయింది. కారు ఎవరికైనా అవసరమైతే ఆ లారీ డ్రైవరే వచ్చి నడిపేవాడు. దాన్ని నడిచే స్థితిలో ఉంచే పని మాత్రం మామ ఎవరికీ ఇవ్వలేదు. చీకట్లో కూర్చుని కార్బురేటరు ఊడదీసి, కడిగి, మళ్లీ బిగించేవాడు. తాంబాళంలో ఏ నట్టు ఎక్కడుందో ఆయన వేళ్లు వెతుక్కునేవి కావు, నేరుగా పోయేవి.

ఒకసారి చూడడానికి వెళ్లినప్పుడు కొట్టంలో ఆయన పక్కన కూర్చుని ఏడ్చాను. "నేను ఆనాడే చెప్తే నీ కండ్లు ఉండేటియి మామా" అన్నాను. ఆయన నట్టు బిగిస్తున్న పాన తిప్పడం ఆపలేదు.

"ఉండేటియేమో" అన్నాడు. కాదని అబద్ధం చెప్పలేదు. "నేనన్న ముందే దవాఖానకు పోవాల్సుండె. భయమైంది బిడ్డా. ఇగ నడపొద్దంటరని భయమైంది. పోయినదాని గురించి ఏడ్చుకుంట కూసుంటే ఉన్నయి తుప్పు పడ్తయి. ఆ గ్రీజు డబ్బ గిటియ్యి."

ఇచ్చాను. ఆయన నుంచి నాకు దొరికిన మాఫీ అదే.

చివరికి ఆయన ఆ కొట్టంలోనే పోయాడు. కారు తలుపుకు ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడని చిన్నత్త చెప్పింది. వెనక గల్లీ అంతా వచ్చింది. మిల్లు వాళ్లు వచ్చారు. లారీ డ్రైవరు పాడెకు ఒక కొమ్ము పట్టాడు.

పదకొండో రోజు వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక మా ఆయన కొట్టంలోకి పోయాడు. చిన్నప్పటి నుంచీ ఆయనకు ఆ కారంటే పడదు. తండ్రి తనకంటే దానితోనే ఎక్కువ ఉన్నాడని ఆయన బాధ. నేను గడప దగ్గర నిలబడ్డాను.

"ఎట్ల చాలు చెయ్యాలె దీన్ని?" అన్నాడు, నా వైపు తిరగకుండానే.

చెప్పాను. నాలుగోసారి ఆయన హ్యాండిల్ తిప్పగానే ఇంజను అందుకుంది. కొట్టం రేకులన్నీ కలిసి మోగాయి. ఆయన ఉలిక్కిపడి వెనక్కి జరిగి, మళ్లీ దగ్గరికొచ్చి బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు. చాలాసేపు అలాగే నిలబడ్డాడు. నేను తాళంచెవి తిప్పి ఇంజను ఆపాను.

"ఆ రెండేండ్లు బాపు నీతోని ఏం మాట్లాడుతుండె?" అని అడిగాడు.

కారు ఫుట్‌బోర్డు మీద కూర్చున్నాను. గుర్తున్నవన్నీ ఒక్కొక్కటిగా చెప్పసాగాను. కొన్నింటికి నవ్వాడు, కొన్నింటికి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. రేకుల సందులోంచి పడే ఎండ అద్దం మీది నుంచి జారి నేల మీదికి వచ్చింది. లోపల ఎక్కడో ఇనుము చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది. బానెట్ మీది చెయ్యి మాత్రం ఆయన తీయలేదు. అది పూర్తిగా చల్లబడ్డాక కూడా.