మొగిలి కర్ర

కొండాపూర్ మొగిలి నలభై ఏళ్లు గొర్రెలు కాశాడు. అవి మేసిన బీడులో షాపింగ్ కాంప్లెక్సు లేచింది, దాని ముందు నాలుగు వరసల రోడ్డు పడింది. కార్లకు దారి పెట్టిన పెద్దమనుషులకు కాళ్లతో నడిచేవాళ్లు గుర్తుకే రాలేదు. గొర్రెల్ని అమ్మేసిన మొగిలి, చెయ్యి ఊరుకోక, మనుషుల్ని దాటించడం మొదలుపెట్టాడు. మందను దాటించినట్టే, తొందరపడేవాణ్ణి కర్ర అడ్డుపెట్టి ఆపి, అందర్నీ ఒకే గుంపుగా కదిలించేవాడు. రెండేళ్లలో ఒక్కరికీ గోరంత దెబ్బ తగల్లేదు.

దాటడానికి జీబ్రా గీతలు వెయ్యమని జనం అర్జీ పెడితే ఇంజనీరు బుల్లిబాబు జీపులో వచ్చి, ప్రమాదాల రిజిస్టరు తిరగేసి పెదవి విరిచాడు.

"ఇక్కడ ఒక్క ప్రమాదమైనా జరగలేదండి. ప్రమాదం లేనిచోట జీబ్రా గీతలకు మంజూరు ఎలా వస్తుందండి?"

అదే రాసుకున్నాక ఆయనకు అవతలి కాంప్లెక్సులో టీ తాగాలనిపించింది. రోడ్డంచున నిలబడి, లారీల్ని చూసి, రెండడుగులు వెనక్కి వేసి మొగిలిని పిలిచాడు.

"కాస్త దాటించవయ్యా."

మొగిలి కర్రను చంకలో పెట్టుకున్నాడు.

"మీరొక్కరే పోండ్రి సారూ. మంజూరు గదే వస్తది."