వయసు తెల్వని అవ్వ రిపోర్టు

పొద్దుగాల ఆఫీసుకు రాయపోల్ నుంచి ఒకామె ఫోన్ చేసింది. "మా అవ్వకు రక్తపరీక్ష చేసి నాలుగు దినాలాయె సార్. రిపోర్టు ఫోన్ల వస్తదన్నరు, ఇంకా రాలే."

మేం సిద్దిపేటల ల్యాబులకు సాఫ్ట్‌వేర్ నడుపుతం. ఊర్ల నుంచి వచ్చే రిపోర్టులన్నీ ముందుగాల ఒక క్యూల పడ్తయి. యూరియా బస్తాల కాడ రైతులు తమ బదులు చెప్పులు లైన్ల పెట్టి నీడకు కూసున్నట్టే, పంపినోళ్లు నిలబడే పని లేదు. ఏ రిపోర్టుల తప్పున్నా, మిగిలినయి ఆగకుండ సిస్టం దాన్ని వేరే క్యూలకు నూకేస్తది. ఆ రూల్ రాసింది నేనే.

వేరే క్యూ తెరిచి చూస్తే అవ్వ రిపోర్టు గాడనే ఉంది. వయసు కాడ రక్తం తీసిన సెంటరోళ్లు 'తెల్వది' అని కొట్టిన్రు. అంకె లేదని సిస్టం పక్కకు పెట్టింది.

"అక్కా, అవ్వకు ఎన్నేండ్లుంటయి?"

"ఆమెకే తెల్వది సార్. ఉన్నమాటే చెప్పినం గదా."

రిపోర్టుల రక్తం ఐదు పాయింట్లే ఉంది. ఇప్పుడే దవాఖానకు తీస్కపోండ్రి అని చెప్పి రిపోర్టు పంపిన. ఫోన్ పెట్టేముందు ఆమె అన్నది, "అవ్వ నాలుగు దినాల నుంచి ఫోన్ పక్కలనే పెట్టుకొని పండుకుంటుంది సార్."

ఈ నాలుగు దినాలు మా అసలు క్యూ ఖాళీగనే ఉండె. ఏ రిపోర్టూ ఆగలేదని చూసి ఖుషీ అయినం. పక్కకు నూకినయి రోజూ చూసేటోళ్లు మీ ఆఫీసుల ఉన్నరా? మా తాన ఇయ్యాల్టిదాక ఎవ్వలూ లేరు. చెప్పులు లైన్ల నుంచి తీసేసిన్రని, నీడకు కూసున్నామెకు ఎవ్వలు చెప్పాలె?