టీ గ్లాసు మరక

సొంత రేడియో సెట్టుతో దూరదేశాల వాళ్లతో మాట్లాడే హామ్ రేడియో అంటే నాకు పిచ్చి. చేత్తో గీసుకున్న యాంటెన్నా పటాలను స్కాన్ చేసి, ఎవరైనా ఉచితంగా తీసుకోగలిగే ఒక ఆన్‌లైన్ ఆర్కైవ్‌లో పెడుతుంటాను. మా క్లబ్బు పెద్దమనిషి "ఊరికే ఇచ్చేదానికి విలువ యాడుంటాదప్పా" అని ఎగతాళి చేసేవాడు.

నిరుడు బుక్కరాయసముద్రంలో ఆయనే కొత్తవాళ్లకు తరగతి పెట్టి, "ఇది నేను గీసినాను" అంటూ తెర మీద నా పటం చూపించాడు. మూలన నా టీ గ్లాసు మరక గుండ్రంగా కనిపిస్తోంది. ఉండబట్టలేక లేచి, "ఆ గుండ్రం ఏందన్నా?" అని అడిగాను.

"ఎర్తింగుకని భూమిలో పాతే రాగితీగ చుట్టప్పా. మన నేల ఎండిపోయి ఉండాది కదా, దానికి దినామూ నీళ్లు పోయాల" అన్నాడు. అందరూ శ్రద్ధగా రాసుకున్నారు.

తీసుకున్నందుకు కోపం లేదు, పెట్టిందే అందుకు. చదవకుండానే గురువైపోయాడే, అదీ నా రోత. ఈ కరువులో ఇప్పటికీ ఆయన ఇంటి ముందర రాగితీగ చుట్ట పాతుకుని, నా టీ మరకకు రోజూ బిందెడు నీళ్లు పోస్తున్నాడు.