ఒక్క మనిషి కోసం రాసిన బోర్డు

వాట్సాప్‌లో నాతో వాదించి గెలిచినవాళ్ళు లేరు. ఎదురుగా మనిషి నిలబడితే మాత్రం "సాంబారు ఇంకొంచెం వేయమంటారా" తప్ప నా నోట్లోంచి ఇంకో మాట ఊడిపడదు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయా అని మా ఆయన అప్పుడప్పుడూ ఆశ్చర్యపోతుంటారు. నేను ఆశ్చర్యపోను, సిగ్గుపడతాను.

జర్మనీలో, జిండెల్ఫింగెన్ అనే ఊళ్ళో నాకో చిన్న టిఫిన్ కొట్టుంది. ఆరు బల్లలు, ఒక పెనం, ఒక గ్రైండరు. పదకొండేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి, ఎదుటివాళ్ళ తప్పులు పట్టడంలో ఆరితేరాక, ఇక నా తప్పులు నేను చేసుకుందామని ఉద్యోగం మానేసి పెట్టుకున్న కొట్టది. మా ఆయన ఇంకా కార్ల ఫ్యాక్టరీలోనే ఉన్నారు. కొట్టు పని ఏదైనా చెప్పబోతే చాలు, సరిగ్గా అప్పుడే ఆయనకి మీటింగ్ ఉంటుంది.

మొదటి చలికాలం ఈగలు తోలుకుందామన్నా ఈగలు లేవు. జర్మన్లు అద్దం మీద మెనూ చదివి, తల ఊపి, పక్కనున్న పిజ్జా కొట్టుకి వెళ్ళేవాళ్ళు. మనవాళ్ళు "దోసెలేగా, ఇంట్లో వేసుకుంటాం" అనేవాళ్ళు. ఆ రోజుల్లో ఒక గురువారం సాయంత్రం ఏడింటికి ఒక పెద్దాయన వచ్చారు. డెబ్భై దాటి ఉంటాయి. ఆకుపచ్చ కోటు, చేతిలో పొడుగాటి నల్ల పెట్టె. పెట్టెని గోడకి ఆనించి, మెనూ మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివి, మసాలా దోసె అడిగారు. దాన్ని కత్తీ ఫోర్కుతో ఒక చివర్నుంచి వరసగా కోసుకుంటూ, ఒక్క ముక్క మిగల్చకుండా తిన్నారు. పై గురువారం మళ్ళీ వచ్చారు. ఆ తర్వాత ఇక మానలేదు.

మూడో వారం నా మెనూ తీసుకెళ్ళి, అందులోని జర్మన్ అంతా ఎర్ర పెన్నుతో దిద్ది తెచ్చిచ్చారు. ఇంకోసారి తలుపు సందులోంచి చలిగాలి వస్తోందని నేను అడక్కుండానే రబ్బరు పట్టీ అంటించారు. భార్య పోయిందని ఒకే ఒక్కసారి చెప్పారు. "ఇప్పుడు ఇంట్లో నేనొక్కణ్ణే" అని, వెంటనే చట్నీ అడిగారు. ఏదైనా ఒక మంచి మాట అనాలనిపించింది. రెండు గరిటెలు చట్నీ వేసి ఊరుకున్నాను.

ఆ పెట్టెలో ఉన్నది చేపల గాలం అని నేనే తీర్మానించుకున్నాను. పెట్టె పొడుగ్గా ఉంది, మనిషి ఓపికస్తుడు, ఇంకేం రుజువు కావాలి? ఇంట్లో ఆయన పేరు చేపల తాతగారు. రెండేళ్ళలో ఒక్కనాడూ ఆయన దగ్గర చేప వాసన రాలేదు. టెస్టింగ్‌లో పదకొండేళ్ళ అనుభవం ఉన్న నాకు ఆ సంగతి తట్టనేలేదు.

మా కొట్టుకి తరచూ వచ్చే ఒక తెలుగు కుటుంబం ఉంది. వాళ్ళ ఆరేళ్ళ పాప ఒక గురువారం కేసరి తింటూ తింటూ లేచి, పెద్దాయన దగ్గరికెళ్ళి జర్మన్‌లో అడిగింది, ఆ పెట్టెలో ఏముందని. పిల్లలు ఏదడిగినా సమాధానం చెప్పాలనుకునే తరం ఆయనది. ఫోర్కు కింద పెట్టి చెప్పారు.

"తుపాకీ. తాళం వేసి ఉంది. గుండ్లు ఇందులో లేవు. కొండ మీద మా క్లబ్బులో కాగితం మీద గుండ్రాలు గీసి కొడతాం. గురువారం గురువారం ప్రాక్టీసు."

పాప "ఓ" అని మళ్ళీ కేసరి దగ్గరికి వచ్చేసింది. వాళ్ళమ్మ చేతిలో ఇడ్లీ ముక్క అలాగే ఉండిపోయింది. ఆవిడ పెద్దాయన్ని చూళ్ళేదు, నన్ను చూసింది.

"అక్కా, మీకు తెలుసా?"

"తెలుసమ్మా" అన్నాను. తెలియదంటే ఇంకా అన్యాయంగా ఉంటుందని అనిపించింది.

ఇంటికెళ్ళగానే టెక్సస్‌లో ఉన్న మా చెల్లికి ఫోన్ చేశాను. నిజానికి దానికి ఫోన్ చేయడానికి నాకు మొహం చెల్లకూడదు. అంతకు ఆర్నెల్ల ముందు వాళ్ళ ఊళ్ళో ఎవరో నడుముకి తుపాకీ పెట్టుకుని సరుకుల కొట్లో అరటిపళ్ళు కొంటున్నాడని అది మాటవరసకి చెబితే, నేను పదకొండు మెసేజ్‌లూ, ఒక వాయిస్ నోటూ పంపాను. "ఇక్కడ దాన్ని హౌస్‌రెఖ్ట్ అంటారు. కొట్టు నాది, గడప నాది. లోపలికి ఏం రావాలో, ఏం రాకూడదో నేనే చెప్తాను. మీ కొట్లవాళ్ళకి ఆ మాత్రం వెన్నెముక లేదా?" అని దులిపేశాను.

ఇప్పుడు విషయం విని అది కాసేపు నవ్వింది.

"సరే అక్కా, కొట్టు నీది, గడప నీది. మరి ఆయనకి చెప్పు."

"చెప్తాను. ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్నా."

"ఇంకోటి కూడా ఆలోచించు. వద్దంటే వెనక్కెళ్ళిపోయేవాడు మంచోడే కదా. చెడ్డోడు నిన్నడిగి వస్తాడా?"

"అలాగని ఎవరికీ చెప్పకుండా కూర్చుంటామా? ఆ పిల్ల తల్లికి భయమేసింది. ఆవిడకి ఇడ్లీ గొంతు దిగలేదు. అది లెక్కలోకి రాదా?"

"వస్తుంది. అందుకే చెప్పమంటున్నా."

వారమంతా పెనం ముందు నిలబడి ఆ వాక్యాన్ని జర్మన్‌లో బట్టీ పట్టాను. దయచేసి వచ్చే వారం నుంచి తుపాకీ లేకుండా రండి. ఒక్క ఊపిరిలో అయిపోయే వాక్యం. గురువారం పెద్దాయన వచ్చారు, పెట్టె గోడకి ఆనించారు, గూటెన్ ఆబెంట్ అని పలకరించారు. నేను నోరు తెరిచి "సాంబారు ఇంకొంచెం వేయమంటారా?" అన్నాను. అప్పటికి ఆయన కోటు కూడా విప్పలేదు.

అందుకని బోర్డు రాయించాలని నిర్ణయించుకున్నాను. మా ఆయన ఆ డిజైన్ చూసి, ఆఫీసులో కూర్చున్నట్టే కూర్చుని అడిగారు.

"ఇది ఎంతమంది యూజర్ల కోసం?"

"ఒక్కరే."

"ఆ ఒక్కరికీ నోటితో చెప్పలేవా?"

"రూల్ అన్నాక అందరికీ వర్తించాలండీ" అన్నాను గంభీరంగా. ఆయనకి మీటింగ్ గుర్తొచ్చింది.

పిస్తోలు బొమ్మ, దాని మీద ఎర్ర గీత, కింద "ఈ గడప లోపలికి ఆయుధాలు నిషేధం. ఇట్లు, యాజమాన్యం" అని జర్మన్‌లో. యాజమాన్యం అంటే నేనే. అంట్లు తోమేదీ నేనే. ఒకటి తలుపు అద్దానికి అంటించాను. ఏదైనా పూర్తిగా చేసే అలవాటు కదా, ఇంకోటి కౌంటర్ వెనక గోడకి కొట్టాను.

ఉత్తరాలిచ్చే అమ్మాయి బోర్డు చూసి, ఇక్కడ ఏమైనా జరిగిందా అని గొంతు తగ్గించి అడిగింది. ఎదురు బేకరీ ఆవిడ చేయి పట్టుకుని ఓదార్చింది. తలుపుదాకా వచ్చిన ఒక జంట పిస్తోలు బొమ్మ చూసి పిజ్జా కొట్టుకి వెళ్ళిపోయారు. ఒక తెలుగు కుర్రాడు బోర్డుతో సెల్ఫీ తీసుకున్నాడు. ఊరందరికీ వర్తించింది నా రూలు.

గురువారం ఏడింటికి పెద్దాయన తలుపు దగ్గర ఆగారు. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, నా మెనూ చదివినట్టే బోర్డుని మొదటినుంచి చివరిదాకా చదివారు. తర్వాత అద్దంలోంచి నా వైపు చూశారు. నేను చటుక్కున కిందికి వంగాను, కౌంటర్ కింద ఏదో పడిపోయినట్టు. ఏమీ పడలేదు. నలభై మూడేళ్ళ ఆడదాన్ని, గరిటె పట్టుకుని, ఉల్లిపాయల బస్తా పక్కన గొంతుక్కూర్చున్నాను. లేచేసరికి ఆయన లేరు. పెనం మీద దోసె బొగ్గయింది.

ఆ పై వారం ఆయన రాలేదు. ఆ తర్వాతి వారమూ రాలేదు. పాప వాళ్ళమ్మతో "ఇక భయం లేదమ్మా" అన్నాను. ఆవిడ మనస్ఫూర్తిగా థాంక్స్ చెప్పింది. పాప మాత్రం ఖాళీ కుర్చీ చూసి "ఓపా ఎక్కడ?" అని జర్మన్‌లో అడిగింది. ఓపా అంటే తాతయ్య. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఇంతలో దసరా వచ్చింది. కొట్టు పెట్టినప్పటినుంచీ ఆయుధపూజ మానలేదు నేను. గుంటూరు నుంచి సూట్‌కేసులో చీరల మధ్య చుట్టి తెచ్చుకున్న కత్తిపీట, కొబ్బరికాయలు కొట్టే కత్తి, కూరల చాకులు, గ్రైండరు, ఆఖరికి కార్డు మెషీను, అన్నీ కడిగి తుడిచి, కౌంటర్ మీద వరసగా పెట్టి, పసుపూ కుంకుమా అద్ది, సూపర్ మార్కెట్ చామంతులు పెట్టాను. కుంకుమ కాస్త చేయిజారి ఎక్కువే పడింది. కత్తిపీట అంచు ఎర్రగా నిగనిగలాడుతోంది.

మధ్యాహ్నం బేకరీ ఆవిడ వచ్చింది. కౌంటర్ చూసింది. సరిగ్గా దాని పైన గోడకున్న బోర్డు చూసింది. ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఈ నిషేధం మీకు వర్తించదా?" అని అడిగింది.

అయ్యో, ఇవి ఆయుధాలు కావండీ, పనిముట్లు, ఏడాదికోసారి దణ్ణం పెట్టుకుంటాం అని మొదలుపెట్టాను. ఈ పండగ పేరేంటని అడిగిందావిడ. ఆయుధపూజ అని చెప్పి, జర్మన్‌లో దాని అర్థం కూడా చెప్పి, మధ్యలోనే ఆపేశాను. ఆవిడ నవ్వాపుకోలేక కళ్ళు తుడుచుకుంది. నేనూ నవ్వాను గానీ, ఆవిడ వెళ్ళాక నవ్వు రాలేదు. నా ఆయుధాలకి పూలు పెట్టి, ఆయన పెట్టెకి బోర్డు పెట్టాను.

కత్తిపీటా తుపాకీ ఒకటేనని నేను అనను. కేసరి తినే పిల్ల పక్కన తుపాకీ ఉండకూడదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను. కొట్టువాళ్ళకి ఆ మాట చెప్పే హక్కుండాలి. కానీ హక్కున్నదాన్ని నోరు పెట్టుకుని చెప్పాలి గదా, ఉల్లిపాయల బస్తా పక్కన నక్కడమేమిటి?

ఆ రోజు గురువారమే. పులిహోర, గుగ్గిళ్ళు డబ్బాల్లో సర్దుకుని, కొట్టు మూసి, ఆయన క్లబ్బున్న కొండ ఎక్కాను. క్లబ్బు భోజనాల గది తలుపు మీద ఒక పాత చెక్క బోర్డుంది. నేను రెండుసార్లు చదివాను. తుపాకులతో ఈ గదిలోకి రాకూడదు, అవతలి గది బీరువాలో పెట్టి తాళం వేసి రావాలి. తుపాకుల క్లబ్బులోనే!

పెద్దాయన లోపల ఆపిల్ జ్యూస్ ముందు పెట్టుకుని కూర్చున్నారు. అక్కడ వంట ఆదివారం ఒక్కరోజేనట. నన్ను చూసి లేచి నిలబడ్డారు. నేను బట్టీ పట్టిన వాక్యాన్ని నెల ఆలస్యంగా, గడగడా అప్పజెప్పాను. పాప తల్లికి భయమేసిందనీ, నాకూ వేసిందనీ, క్షమించమనీ చెప్పాను.

"తలుపు మీద బోర్డు చూశారా? అది నేనే కొట్టాను" అన్నారు ఆయన. "తిండి దగ్గర తుపాకీ ఉండకూడదు. తిన్నగా ఇంటికెళ్ళి సేఫ్‌లో పెట్టాలి, దారిలో ఆగకూడదు. తప్పు నాదే."

"మరి ఎందుకు ఆగేవారు?"

"ఇంటికెళ్తే బూట్లు విప్పుతాను. విప్పితే ఇక బయటికి రాను." జ్యూస్ గ్లాసు పక్కకి జరిపారు. "మీ బోర్డు చూసి నాకు కోపం రాలేదు. మీరు కిందికి వంగారు చూడండి, అప్పుడు వచ్చింది. రెండేళ్ళు మీ దగ్గర తిన్నాను. నాకు ఒక్క మాట చెప్పలేకపోయారా?"

నాకు ఏడుపొచ్చింది. ఏడుపొచ్చినప్పుడు నేను చేసే పనే చేశాను, పులిహోర డబ్బా మూత తీశాను.

గురువారాలు కొట్టు ఎనిమిదింటికి కట్టేయను, ఆయన ఇంటికెళ్ళి తుపాకీ పెట్టి వచ్చేలా తొమ్మిదిదాకా తెరిచే ఉంచుతానని చెప్పాను. "చూద్దాం" అన్నారాయన. ఈ దేశంలో ఆ మాటతో నాకు ఇంతవరకూ మంచి అనుభవం లేదు.

పై గురువారం ఎనిమిది దాటింది. ఎనిమిదిన్నర అయింది. బల్లలు రెండుసార్లు తుడిచాను. పెనం చల్లారనివ్వకుండా మంట తగ్గించీ పెంచీ చూస్తున్నాను. ఇంకా కొంతసేపటికి తలుపు తెరుచుకుంది. పెద్దాయన, రెండు చేతులూ ఖాళీ. వేగంగా నడిచొచ్చినట్టున్నారు, ఆయాసపడుతున్నారు. తన కుర్చీలో కూర్చున్నారు.

"నిలువుకాళ్ళ మీదే తుపాకీ సేఫ్‌లో పెట్టాను. ఇంట్లో కూర్చోలేదు. బూట్లు విప్పలేదు."

కిందికి చూశాను. బూట్లకి తడి ఆకులు అంటుకుని ఉన్నాయి. ఈసారి వంగలేదు, ఎదురుగా నిలబడ్డాను.

"మీరు రాకపోతే నాకు చాలా బాధగా ఉండేది" అన్నాను.

ఆయన తల ఊపారు. మెనూ తీసి చూసి మళ్ళీ మూశారు. ముక్కు ఎర్రబడింది, చలికో దేనికో.

"సాంబారు ఇంకొంచెం ఎక్కువ వేయండి" అన్నారు.