మా మేడ దుమ్ము

మరాఠీ ఊళ్ళో తెలుగువాళ్ళ పేట నీలం నగర్‌లో మా ఇంటి మీద ఇంకో అంతస్తు లేపుతున్నప్పుడు మేస్త్రీ మొదటి రోజే చెప్పాడు. దుమ్ము పోకుండా పక్కింటివైపు ఆకుపచ్చ జాలీ కట్టాలట, ఇసుక మీద పూటపూటా నీళ్ళు చల్లాలట. నేను నవ్వాను. మర మగ్గాలున్న ఇల్లు మాది. పోగులు తప్పి, బజారుకు పోకుండా మిగిలిన చద్దర్లు ఒక గది నిండా పడున్నాయి.

"గుడ్డ నేసేటోళ్ళం, గుడ్డ కొనుక్కుంటమా?" అని పన్నెండు చద్దర్లు తాళ్ళకు కట్టించాను. వీధిలో నలుగురూ మెచ్చుకున్నారు. ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

"తడిగ ఉంచాలె వహినీ, లేకుంటే దుమ్మంతా దాంట్లనే కూసుంటది," అన్నాడు మేస్త్రీ. మాకు నల్లా నాలుగు రోజులకోసారి వస్తుంది. ఉన్న నీళ్ళు స్లాబు తడపడానికే చాలవు, ఇక చద్దర్లకెక్కడివి? ఎండినవి ఎండినట్టే వేలాడాయి.

మగ్గాల ఇంట్లో పుట్టినదాన్ని. పొద్దున లేవగానే నూలు నూగు దులపనిదే నా చెయ్యి ఊరుకోదు. రోజూ పైకెక్కి, కట్టెతో కొట్టి, ఒక్కో చద్దరూ విప్పి బయటికి దులిపేదాన్ని. బయటికి అంటే పక్కింటి అక్క అరుగు మీదికి.

అక్క అంటే తోడబుట్టింది కాదు. బీడీలు చుట్టుకుని ఒక్కతే బతికే మనిషి. పొద్దున్నే ఒళ్ళో చేట పెట్టుకుని, తంబాకు పోసుకుని, తడిగుడ్డలో తునికాకు చుట్టుకుని అరుగు మీద కూర్చునేది. నేను దులుపుతుంటే చేట మీద కొంగు కప్పేది, తన ముఖం మీద కాదు.

"చెల్లె, జర అటు దిక్కు దులుపరాదే. దగ్గు ఆగుతలేదు," అంది ఒకనాడు.

"ఏందక్కా నువ్వు! పుట్టినకాన్నుంచి నూగు మింగుతున్నం, గింత దుమ్ముకు ఏమైతది? బెల్లం ముక్క తిను, అంతా కొట్టుకపోతది."

మగ్గాలవాళ్ళు గొంతు గరగరకు చేసుకునే మందు అది. అనడమే కాదు, గిన్నెలో బెల్లం పంపించాను. పైగా ఎంత మంచిదాన్నో అనుకున్నాను. ఛీ, తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఒక పొద్దున అక్క గుమ్మం పట్టుకుని ఊపిరాడక వంగిపోయింది. రిక్షాలో దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు కుర్రవాడు, మరాఠీలో ఒక్కొక్కటే అడిగాడు. ఏం పని చేస్తావంటే బీడీలని చెప్పింది. "ఇంటి దగ్గర బాంధకామ్, ఇల్లు కట్టే పని, ఏమన్నా నడుస్తోందా?" అన్నాడు. అక్క నా వైపు చూసింది.

మాట బయటికి పొక్కితే కార్పొరేషన్‌వాళ్ళు వచ్చి పని ఆపిస్తారేమోనని నా భయం. "నాహీ సాహేబ్, ఏం లేదు," అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట!

అయితే తంబాకు దుమ్మే అని తేల్చి, బీడీలు చుట్టడం మానేయమన్నాడు డాక్టరు. ఊహ తెలిసినప్పటి నుంచి చుట్టిన చెయ్యి. మర్నాడే చేట అటక ఎక్కించి, ఎవరింట్లోనో రొట్టెలు చెయ్యడానికి కుదిరింది. నేను నాలుగు రోజులు చద్దర్లు తడిపాను. నీళ్ళు అయిపోయాయి, నా పశ్చాత్తాపమూ అక్కడికే అయిపోయింది. ఆ తర్వాత టైల్స్ కోసే మిషన్ వచ్చింది. దాని తెల్లపొడి అక్క కిటికీ ఊచల మీద ముగ్గుపిండిలా పేరుకునేది.

నెల తర్వాత మళ్ళీ చూపించుకోవాలి. "నువ్వే రా చెల్లె, నీకు ఎరుకే గదా," అంది. కాదనలేకపోయాను.

డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. ముఖం చిట్లించాడు. "తగ్గలేదు సరికదా, పెరిగింది. మానలేదు నువ్వు. దొంగతనంగా చుడుతున్నావు. నాకే అబద్ధం చెబుతున్నావా?" అని గట్టిగా కసిరాడు. బయట వరసలో కూర్చున్నవాళ్ళు కూడా తొంగిచూశారు.

అక్క ఒట్టు వేస్తుందనుకున్నాను. కనీసం నా వైపైనా చూస్తుందనుకున్నాను. ఆమె చేతులు జోడించింది.

"అవు సాహేబ్, తప్పైంది. ఇగ ముట్ట."

నెల రోజులుగా ఒక్క బీడీ చుట్టని మనిషి. సిగ్గులేనిదాన్ని, అప్పటికి గానీ బల్ల దగ్గరికి జరగలేదు.

"ఆమె చుట్టలేదు సాహేబ్. అబద్ధం చెప్పింది నేను. మా ఇల్లే కడుతున్నాం, ఆమె గోడ పక్కనే."

ఆయన కలం పక్కన పెట్టాడు. ఎన్నాళ్ళ నుంచి అని అడిగాడు.

బల్ల కింద అక్క నా కొంగు పట్టి గుంజింది, చెప్పొద్దని.

"నాలుగు నెలలు," అన్నాను.