అభిశంసనకు ఒక శాలువా

ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్‌లో మా తెలుగు సంఘం అధ్యక్షుణ్ణి దించాలని పట్టుబట్టింది నేనే. నాకు రాజకీయాలు తెలియవు, కడుపుమంట తెలుసు. పోయిన ఉగాదికి మా పదేళ్ల అమ్మాయి చలికాలమంతా నేర్చుకున్న డాన్సు చేయాలి. అధ్యక్షులవారి స్వాగతోపన్యాసం తెలుగు భాష పుట్టుక దగ్గర మొదలై, హాలు గడువు ముగిసేసరికి ఇంకా రాజుల కాలంలోనే ఉంది. పిల్ల గజ్జెలు కట్టుకుని తెర పక్కన నిలబడి నిలబడి, అలాగే కారెక్కింది. ఇంటికొచ్చాక కూడా గజ్జెలు విప్పనివ్వలేదు.

వాట్సాప్ గ్రూపులో నేను పెట్టిన మంటకు చాలామంది చలి కాచుకున్నారు. మొత్తానికి అభిశంసన సభ ఖాయమైంది. తన గోడు తానే చెబుతానంది మా అమ్మాయి. దేనికైనా ఇంగ్లిష్‌లోనే జవాబిచ్చే పిల్ల, "నేను కష్టపడి నేర్చుకున్న. నన్ను ఆడనియ్యలేదు. ఇంకెవ్వరికీ ఇట్ల చెయ్యకండి" అని మూడు ముక్కలు తెలుగులో వల్లె వేసుకుంది, స్నానం చేస్తూ కూడా.

ఆదివారం మధ్యాహ్నం కమ్యూనిటీ హాల్లో చేరాక అసలు చిక్కు బయటపడింది. విచారణకు అధ్యక్షత వహించేదెవరు?

"ఏ మీటింగ్‌కైనా ప్రెసిడెంటే చైర్ చెయ్యాలె. రూల్స్‌ల ఉంది," అన్నాడు అధ్యక్షుడు, కుర్చీలోంచి కదలకుండా.

"దొంగ చేతికే తాళాలిస్తమా అన్నా?" అన్నాను.

"అయితే నేను చేస్త," అని ఉపాధ్యక్షుడు లేచాడు. అధ్యక్షుడు దిగితే ఆ కుర్చీ ఎక్కేది ఈయనే. పిల్లుల తగవు కోతి తీర్చినట్టుంటుందని వెనక ఎవరో గొణిగారు.

చివరికి అందరి కళ్లూ ఒక అంకుల్ మీద పడ్డాయి. లండన్ పక్క ఇల్ఫర్డ్ నుంచి ఇక్కడి కొడుకింటికి వచ్చి, ఇంట్లో తోచక మాతో చాయ్ తాగుతున్నాడు. అందరికంటే పెద్దాయన, ఎవరి పక్షమూ కాదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

కానీ పెద్దమనిషిని ఊరికే కూర్చోబెడతామా? ముందు జ్యోతి ప్రజ్వలన అన్నారు. ఫైర్ అలారం మోగుతుందని బ్యాటరీ దీపం వెలిగించారు. తర్వాత ప్రార్థన గీతం. తర్వాత సన్మానం. ఉగాదికి మిగిలిన శాలువా అల్మారాలో ఉండనే ఉంది. మా సంఘం ఆనవాయితీ ప్రకారం వేదిక మీద ఎవరికి శాలువా కప్పినా అధ్యక్షుడే కప్పాలి. అంటే ముద్దాయి లేచి న్యాయమూర్తిని సత్కరించాలన్నమాట. అది అక్కడ ఒక్కరికీ వింతగా తోచలేదు.

"పళ్లెం పట్టుకునే పాప ఎవరన్న ఉన్నరా?" అని మైకులో అడిగి, మా అమ్మాయిని పిలిచారు.

అలా నా బిడ్డ వేదికెక్కింది, శాలువా పళ్లెంతో. ఫొటో కోసం నవ్వమంటే నవ్వింది. ఇప్పుడు మైకు తనకే ఇస్తారనుకుని అక్కడే నిలబడింది. "థాంక్యూ బేబీ" అని కిందికి పంపేశారు.

అధ్యక్షుడు అంకుల్‌ను పొగిడిన పొగడ్తకు ఆయన కళ్లు చెమర్చాయి.

"ఇగ విచారణ మొదలుపెట్టుండ్రి అంకుల్," అన్నాను గొంతు పెంచి.

"ఉండమ్మా," అన్నాడు అంకుల్, శాలువా సవరించుకుంటూ. "ఇంత మర్యాద తెలిసినోన్ని నేనేం అడుగుత? ఇప్పుడే కప్పించుకుని, ఇప్పుడే తప్పు పడితే బాగుంటదా?"

"మరి పిల్ల చెప్పేది ఇనరా?"

"ఎందుకినం బిడ్డా, ఇంటం. కాకపోతే హాల్ టైం అయిపోయినట్టుంది."

అధ్యక్షుడు మైకు అందుకుని వందన సమర్పణ మొదలుపెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. సిగ్గుండాలి నాకు, అలవాటు కొద్దీ నా చేతులూ కలిశాయి.

కారులో పిల్ల సీటు బెల్టు పెట్టుకుని, ఎదురుగా చూస్తూ, ఆ మూడు ముక్కలూ ఒక్క తప్పు లేకుండా చెప్పింది. నాకు ఏడుపాగలేదు.

"మంచిగ చెప్పినవ్ బిడ్డా," అన్నాను.

తర్వాత మామూలుగా ఇంగ్లిష్‌లోకి మారింది. వచ్చే ఉగాదికి డాన్సు వద్దట, పళ్లెం పట్టుకుంటుందట. దానికైతే స్టేజీ ఎక్కనిస్తారు కదా మమ్ అంది.