రెండు సెకన్లు నిండని వెలుగు

"మీకు పిల్లలెంతమంది?" అని ఎవరు అడిగినా మా అమ్మ వెంటనే చెప్పదు. టాటానగర్ ప్లాట్‌ఫారం మీదైనా, పర్సుడీహ్ కూరల బజారులోనైనా అంతే. ఒక్క క్షణం ఆగి, అప్పుడు హిందీలో "ఏక్" అంటుంది. ఉన్నది నేనొక్కదాన్ని. దానికింత ఆలోచనేమిటని నాకు ఒళ్లు మండేది. "వేళ్ల మీద లెక్కపెట్టుకో అమ్మా" అని ఆటపట్టించేదాన్ని కూడా.

ఆ ఆగడం వెనక ఒక పాప ఉందని పెద్దయ్యాక మా పెద్దమ్మ చెబితే తెలిసింది. నాకంటే ముందు పుట్టి, పేరుపెట్టే పురుడు చెయ్యకముందే పోయిందట. మావాళ్లలో పురుడు దాటని బిడ్డకు పేరుండదు, తద్దినం ఉండదు. ఇంట్లో ఆ ఊసే ఎత్తరు. రైల్లో ప్రపంచమంత కబుర్లు చెప్పే నాన్న కూడా ఎప్పుడూ ఎత్తలేదు.

నా ఉద్యోగం వినడానికి గొప్పగా ఉంటుంది గానీ, చేసేదల్లా గీతలు చూడడమే. అంతరిక్షంలో తిరిగే ఒక టెలిస్కోపు గామా కిరణాలను పట్టి, ఆ లెక్కలు కిందికి పంపుతుంది. ఎన్నో కోట్ల ఏళ్ల కింద రెండు చచ్చిన నక్షత్రాలు గుద్దుకుంటే పుట్టిన వెలుగు ఇన్నాళ్లకు మన దాకా వస్తుంది. వచ్చి, రెండు సెకన్లు నిండకుండానే అయిపోతుంది. తెర మీద సన్నటి ముల్లులా లేస్తుందంతే. అది నిజంగా అంత దూరం నుంచి వచ్చిందా, లేక దారిన పోయే కణమేదో పరికరానికి తగిలిందా అన్నది మేం తేల్చాలి.

కిందటి చలికాలం ఇంటికొచ్చినప్పుడు ఒక సాయంత్రం డాబా మీద ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అమ్మ ఎండబెట్టిన వడియాలు తీస్తోంది. ఆదిత్యపూర్ వైపు ఆకాశం ఎరుపెక్కుతోంది. నా చిన్నప్పుడు ఉక్కు కార్ఖానాలో ఇనుము కాచాక మిగిలే కరిగిన చిట్టెం పారబోస్తే ఆకాశం ఉన్నట్టుండి భగ్గుమనేది. అమ్మ నన్ను చంకనేసుకుని ఒక్క పరుగున డాబా ఎక్కేది. మేం కళ్లారా చూసేలోపే అది చల్లారిపోయేది. ఆరిపోయాక కూడా అమ్మ అటే చూస్తూ నిలబడేది. ఇప్పటికీ నా కలల్లోకి ఆ ఎరుపు వస్తుంది, అందులో మా ఇల్లు నీళ్లలో ఉన్నట్టు మెల్లగా కదులుతూ ఉంటుంది.

ఆ సాయంత్రం తెర మీద ఒక ముల్లు కనిపించింది. మరీ పొట్టిది. కొట్టేద్దామనే అనుకున్నాను.

"ఏటే అది, అలా కళ్లప్పగించి సూత్తన్నావు?" అంటూ అమ్మ నా వెనక్కొచ్చి నిలబడింది.

"కుచ్ నహీ అమ్మా" అన్నాను అలవాటుగా. అయినా అమ్మ కదల్లేదు. ఇక తప్పదని, అదొక వెలుగనీ, చాలా దూరం నుంచి వచ్చిందేమోననీ చెప్పాను.

"ఎంతసేపుందేటి?"

"రెండు సెకన్లు కూడా లేదు. నిజమైంది కాకపోతే తీసేత్తాం."

"కూసింతసేపే ఉందని తీసేత్తారా?"

ఆ గొంతు విని తలెత్తాను. అమ్మ తెర వైపు చూడడం లేదు.

"అందుక్కాదమ్మా. మా పరికరంలో నాలుగు ముక్కలుంటాయి. ఒక్కదాంట్లోనే కనపడితే తీసేత్తాం. అన్నింట్లో ఒకేసారి కనపడితే ఉన్నట్టే."

"అయితే సూడు మరి. సరిగ్గా సూడు."

ఒక్కో ముక్కా విడిగా తెరిచి చూశాను. సన్నగానే ఉంది, కానీ నాలుగింట్లోనూ ఉంది, అదే క్షణంలో. "ఉందమ్మా, నిజమే" అని దాదాపు అరిచాను. తర్వాత దాన్ని కొలిచాను. మొదట్లో కాస్త, చివర్లో కాస్త వదిలేసి, మిగతా వెలుగు రావడానికి పట్టిన కాలాన్ని లెక్కగడతాం. అరసెకను తేలింది.

"పేరెడతారేటి దానికి?"

"ఎడతారు. ఏ రోజు కనపడితే ఆ తేదీయే పేరు."

అమ్మ వడియాల చేట కింద పెట్టి నా పక్కన కూలబడింది. స్టేషన్ వైపు గూడ్సు బండి ఒకటి ఎంతకీ తెగకుండా పోతూనే ఉంది.

"మన పాపది లచ్చింవారం" అంది.

మా వైపు గురువారాన్ని అలాగే అంటారు. ఆ పాప గురించి అమ్మ నోట నేను విన్న మొదటి మాట అది. నాకు ఏడుపాగలేదు. పిండి అంటుకున్న అమ్మ చెయ్యి పట్టుకుని, చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాను.

తిరుగు ప్రయాణానికి అమ్మ స్టేషన్‌కి వచ్చింది. బెంచీ మీద పక్కనున్నావిడ మాట కలిపి, "కిత్నే బచ్చే హైఁ, ఆంటీ?" అని ఆ పాత ప్రశ్నే అడిగింది. అమ్మ ఎప్పట్లాగే ఆగుతుందని చూశాను.

అమ్మ ఆగలేదు. "దో" అంది. నా భుజం మీద చెయ్యేసి, "యే ఛోటీ హై" అంది, ఇది చిన్నదని.

ఇన్నేళ్లకు నేను ఒకరికి చెల్లెల్నయ్యాను.